వైల్డర్ పెన్‌ఫీల్డ్

వైల్డర్ గ్రేవ్స్ పెన్‌ఫీల్డ్ (జనవరి 26, 1891 - ఏప్రిల్ 5, 1976) అమెరికాలో జన్మించి కెనడాలో స్థిరపడిన సుప్రసిద్ధ నాడీ శస్త్రవైద్యుడు, పరిశోధకుడు, రచయిత. మందులకు లొంగని మూర్ఛవ్యాధికి మెదడులో మూలస్థానం ఎక్కడున్నదో కనుగొని, ఆ భాగాన్ని మాత్రమే తొలగించే శస్త్రచికిత్సను క్రమబద్ధమైన విధానంగా తీర్చిదిద్దినవాడు ఈయన. రోగి మెలకువగా ఉండి వైద్యునితో మాట్లాడుతూ ఉండగానే జరిగే ఈ శస్త్రచికిత్సకు, ఈయన పనిచేసిన నగరం పేరు మీదుగా, మాంట్రియల్ పద్ధతి అనే పేరు వచ్చింది. 1934లో ప్రారంభమైన మాంట్రియల్ నాడీ వైద్య సంస్థకు ఈయన వ్యవస్థాపకుడు; 1960 వరకు దానికి సంచాలకుడు. శరీరంలోని ఏ అవయవానికి మెదడు పై పొరలో ఎంత చోటున్నదో చూపే పటం కూడా ఈయన పరిశోధనల ఫలితమే.

బాల్యం, విద్యాభ్యాసం

పెన్‌ఫీల్డ్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ శామ్యూల్ పెన్‌ఫీల్డ్ వైద్యుడు. తల్లి జీన్ జెఫర్సన్ పెన్‌ఫీల్డ్. ముగ్గురు పిల్లలలో వైల్డర్ చివరివాడు. తండ్రి వైద్యవృత్తి దెబ్బతినడంతో కుటుంబం చితికిపోయింది. వైల్డర్‌కు ఎనిమిదేళ్ళ వయసులో తల్లి పిల్లలను వెంటబెట్టుకొని విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్‌లో ఉన్న పుట్టింటికి చేరింది. ఆ తరువాత తల్లిదండ్రులు కలిసి జీవించలేదు. పిల్లల చదువు భారమంతా తల్లి మీదనే పడింది.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదవడానికి ఇచ్చే రోడ్స్ ఉపకార వేతనం గురించి కొడుకు పదమూడేళ్ళ వాడై ఉన్నప్పుడే తల్లి తెలుసుకొన్నది. చదువులోను, ఆటలలోను సమానంగా రాణించినవారికే అది దక్కుతుంది. కాబట్టి కుమారుడు రెండింటిలోను ముందుండాలని ఆమె పట్టుబట్టింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పెన్‌ఫీల్డ్ చదువుతో పాటు కుస్తీ, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. 1913లో పట్టభద్రుడయ్యాడు. తండ్రి వైఫల్యం చూసిన కారణంగా తొలుత వైద్యవృత్తి పట్ల ఆయనకు విముఖత ఉండేది. కాని ప్రిన్స్‌టన్‌లో జీవశాస్త్రం చదివిన తరువాత ఆ అభిప్రాయం మారింది. రోడ్స్ వేతనం లభించి, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో చేరాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు ఇద్దరు గొప్ప గురువులు దొరికారు. ఒకరు నాడీమండల శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్. మెదడు, వెన్నుపాము అన్వేషించని ఖండం వంటివనే భావన పెన్‌ఫీల్డ్ మనసులో నాటుకొన్నది ఈ గురువు ప్రయోగశాలలోనే. రెండవవారు వైద్య గురువుగా ప్రపంచమంతటా పేరుపొందిన విలియం ఆస్లర్. 1916 మార్చి 24న పెన్‌ఫీల్డ్ యుద్ధ క్షతగాత్రులకు సేవ చేయడానికి ఫ్రాన్స్‌కు వెళ్తూ ఉండగా, ఆయన ఎక్కిన ససెక్స్ అనే ఓడను ఇంగ్లీష్ ఛానెల్‌లో జర్మన్ జలాంతర్గామి పేల్చివేసింది. కాలికి బలమైన గాయాలైన పెన్‌ఫీల్డ్ ఆస్లర్ ఇంటిలోనే ఉండి కోలుకొన్నాడు.

1917లో హడ్సన్‌కు చెందిన హెలెన్ కెర్మాట్‌తో వివాహం జరిగింది. వీరికి నలుగురు సంతానం. 1918లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. బోస్టన్‌లో హార్వీ కుషింగ్ వద్ద కొంతకాలం శిక్షణ పొంది, మళ్ళీ ఆక్స్‌ఫర్డ్‌లోను, లండన్‌లోను చదువు కొనసాగించాడు.

మూర్ఛవ్యాధి - అంతకు పూర్వం తెలిసినది

పెన్‌ఫీల్డ్ చేసిన పనిని అర్థం చేసుకోవడానికి, ఆయనకు ముందు మూర్ఛ గురించి వైద్యులకు ఏమి తెలుసో చూడాలి. మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి స్వల్ప విద్యుత్ ప్రేరణల ద్వారా సంభాషించుకొంటాయి. ఏదైనా ఒకచోట కణాల గుంపు ఒక్కసారిగా, అదుపు లేకుండా విద్యుత్తును వెలువరిస్తే మూర్ఛ వస్తుంది. తలకు దెబ్బ తగిలి ఏర్పడిన మచ్చ, గడ్డ, పుట్టుకతో వచ్చిన లోపం, పూర్వం సోకిన వ్యాధి - వీటిలో ఏదైనా ఇందుకు కారణం కావచ్చు.

అన్ని మూర్ఛలూ ఒకే తీరుగా ఉండవు. కిందపడి కాళ్ళు చేతులు కొట్టుకొని, నోట నురగ వచ్చే మూర్ఛను అందరూ గుర్తుపడతారు. కాని కొందరికి ఒక వేలు మాత్రమే అదురుతుంది. కొందరికి లేని వాసన వస్తుంది. కొందరికి కారణం లేకుండా భయం కలుగుతుంది. మరికొందరు క్షణకాలం శూన్యంలోకి చూస్తూ నోరు చప్పరిస్తారు. ఇటువంటి వాటిని గాలి సోకడమని, దయ్యం పట్టడమని అనుకోవడం మన గ్రామాలలోనే కాదు, ఐరోపాలోను ఉండేది. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు మన ప్రాంతంలో ఇప్పటికీ కనిపిస్తుంది. మూర్ఛ సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో దానంతట అదే ఆగిపోతుంది కనుక తాళాలకు మహిమ ఉన్నట్లు తోస్తుంది.

ఈ వింత మూర్ఛలకు అర్థం వెదికినవాడు ఆంగ్లేయ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ (1835-1911). మూర్ఛ బొటనవేలిలో మొదలై, చేతి మీదుగా ముఖానికి పాకితే, మెదడులో కూడా అది బొటనవేలి స్థానంలో మొదలై పక్క స్థానాలకు పాకిందని ఆయన ఊహించాడు. అంటే మూర్ఛ మొదటి లక్షణమే దాని పుట్టుక చోటును తెలుపుతుంది. 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు కుక్క మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకి, ఒక్కొక్క చోట తాకితే ఒక్కొక్క కండరం కదులుతుందని చూపడంతో జాక్సన్ ఊహకు బలం వచ్చింది. 1886 మే 25న లండన్‌లో విక్టర్ హార్స్‌లీ అనే శస్త్రవైద్యుడు, చిన్నతనంలో తలకు దెబ్బ తగిలి మూర్ఛలు వస్తున్న ఒక యువకుని మెదడులోని మచ్చను తొలగించాడు. జాక్సన్ ఆ శస్త్రచికిత్సను దగ్గరుండి చూశాడు.

అయినా తరువాతి నలభై ఏళ్ళలో ఈ మార్గం పెద్దగా ముందుకు సాగలేదు. కంటికి కనిపించే మచ్చ ఉంటే సరే. లేకపోతే ఎక్కడ కోయాలి? పక్కనే ఉన్న మాటకు, చేతికి సంబంధించిన చోటును కోస్తే ఏమవుతుంది? మూర్ఛ పోయి మాట పడిపోతే రోగికి కలిగిన మేలేమిటి? ఈ ప్రశ్నలే పెన్‌ఫీల్డ్ జీవితకాలపు పనికి పునాది.

న్యూయార్క్, మాడ్రిడ్, బ్రెస్లౌ

1921లో పెన్‌ఫీల్డ్ న్యూయార్క్‌లోని ప్రెస్బిటీరియన్ ఆసుపత్రిలో చేరాడు. ఆ రోజులలో మెదడు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో మరణాలు ఎక్కువగా ఉండేవి. గాయం మానిన తరువాత మెదడులో ఏర్పడే మచ్చ ఎటువంటిదో తెలియకుండా శస్త్రచికిత్స చేయడం తగదని ఆయన భావించాడు. అందుకోసం 1924లో స్పెయిన్‌కు వెళ్ళి, మాడ్రిడ్‌లో పీయో దెల్ రీయో ఓర్తేగా వద్ద వెండి లవణాలతో మెదడు కణాలకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసే విద్యను అభ్యసించాడు. నాడీకణాలకు ఆధారంగా ఉండే కణాలు మచ్చలో ఏ విధంగా మారతాయో ఈ పద్ధతి ద్వారా ఆయనకు బోధపడింది.

1928లో జర్మనీలోని బ్రెస్లౌ నగరానికి వెళ్ళాడు. నేడు ఈ నగరం పోలండ్‌లో వ్రోత్స్‌వాఫ్ అనే పేరుతో ఉన్నది. అక్కడ ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అనే వైద్యుడు మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలై మూర్ఛలు వస్తున్న సైనికులకు శస్త్రచికిత్స చేసేవాడు. రోగికి పూర్తిగా మత్తు ఇవ్వక, తల చర్మాన్ని మాత్రమే మొద్దుబరచి, మెదడును విద్యుత్తుతో తాకి చూస్తూ మచ్చను తొలగించేవాడు. తాను నేర్చిన సూక్ష్మదర్శిని విద్య, ఫోర్‌స్టర్ చేస్తున్న శస్త్రచికిత్స ఒకదానికొకటి సరిపోతాయని పెన్‌ఫీల్డ్ గ్రహించాడు. ఇద్దరూ కలిసి 1930లో పరిశోధనా పత్రం ప్రచురించారు.

అదే 1928లో ఎడ్వర్డ్ ఆర్చిబాల్డ్ అనే శస్త్రవైద్యుని ఆహ్వానంపై పెన్‌ఫీల్డ్ కెనడాలోని మాంట్రియల్ నగరానికి వచ్చి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోను, రాయల్ విక్టోరియా ఆసుపత్రిలోను పనిలో చేరాడు. సహచరుడు విలియం కోన్ కూడా న్యూయార్క్ నుండి ఆయనతో వచ్చాడు.

సోదరి రూత్ అనారోగ్యం

మాంట్రియల్‌కు వచ్చిన కొద్ది నెలలకే పెన్‌ఫీల్డ్‌కు కఠినమైన పరీక్ష ఎదురైంది. ఆయన అక్క రూత్ చిన్నతనం నుండి తలనొప్పులతోను, మూర్ఛలతోను బాధపడుతూ ఉండేది. 1928 చివరిలో ఆమె పరిస్థితి విషమించడంతో తమ్ముని వద్దకు వచ్చింది. ఆమె మెదడులో నుదుటి భాగాన పెద్ద గడ్డ ఉన్నట్లు తేలింది. ఆ గడ్డ ఎన్నో ఏళ్ళుగా పెరుగుతూ ఉన్నదే.

సొంత అక్కకు తానే శస్త్రచికిత్స చేయడమా, మరొకరికి అప్పగించడమా అనే ప్రశ్న వచ్చింది. ఆ సమయంలో ఆ పనికి దగ్గరలో మరొకరు లేరు. 1928 డిసెంబరులో పెన్‌ఫీల్డ్ తానే శస్త్రచికిత్స చేశాడు. రక్తస్రావం తీవ్రంగా ఉన్నా, గడ్డను వీలైనంత తొలగించే ప్రయత్నంలో కుడివైపు నుదుటి భాగంలో అధికాంశాన్ని తీసివేశాడు. అయినా గడ్డను పూర్తిగా తీయడం సాధ్యపడలేదు.

రూత్ కోలుకొని తన పిల్లల వద్దకు తిరిగి వెళ్ళింది. ఆమె మాట, తెలివి, ఆప్యాయత చెడలేదు. కాని కొంతకాలం తరువాత పెన్‌ఫీల్డ్ ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు ఒక విషయం గమనించాడు. అతిథికి, ఇంటివారికి భోజనం సిద్ధం చేయడానికి పూనుకొన్న ఆమె, ఏ వంటకం ముందు, ఏది తరువాత అనే క్రమాన్ని ఏర్పరచుకోలేక తికమకపడింది. అన్ని వంటలూ విడివిడిగా తెలిసినా, వాటిని కలిపి ఒక పనిగా నడిపించే శక్తి తగ్గింది. గడ్డ తిరిగి పెరగడంతో హార్వీ కుషింగ్ ఆమెకు మరొకసారి శస్త్రచికిత్స చేశాడు. 1931లో ఆమె మరణించింది.

1935లో జోసెఫ్ ఎవాన్స్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనా పత్రంలో పెన్‌ఫీల్డ్ ఈ రోగి వివరాలను పేర్కొన్నాడు. మెదడులోని ఒక భాగాన్ని తీసివేసిన తరువాత రోగి మాట్లాడగలిగితే, నడవగలిగితే చాలదని, ఆ మనిషి జీవితంలో ఏమి మారిందో కూడా చూడాలని ఈ అనుభవం తెలియజేసింది. నాడీ వైద్యులు, శస్త్రవైద్యులు, ప్రయోగశాల పరిశోధకులు ఒకే చోట పనిచేసే సంస్థ కావాలన్న ఆయన సంకల్పం ఈ మరణంతో గట్టిపడింది.

మాంట్రియల్ నాడీ వైద్య సంస్థ

1932లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఈ సంస్థ కోసం 12 లక్షల డాలర్లకు పైగా విరాళం మంజూరు చేసింది. ఆర్థిక మాంద్యం ముదిరిన ఆ రోజులలో ఇది చాలా పెద్ద మొత్తం. క్విబెక్ రాష్ట్ర ప్రభుత్వం, మాంట్రియల్ నగర పాలక సంస్థ కూడా సహాయం చేశాయి. 1934లో సంస్థ ప్రారంభమైంది. అదే ఏడాది పెన్‌ఫీల్డ్ కెనడా పౌరసత్వానికి సమానమైన బ్రిటిష్ ప్రజాత్వం స్వీకరించాడు.

రోగుల మంచాలు, శస్త్రచికిత్స గదులు, ప్రయోగశాలలు ఒకే కప్పు కింద ఉండడం ఈ సంస్థ ప్రత్యేకత. 1930ల చివరలో హెర్బర్ట్ జాస్పర్ అనే శాస్త్రవేత్త ఇక్కడ చేరి ఈఈజీ విభాగాన్ని నెలకొల్పాడు. తల మీద అతికించిన తీగల ద్వారా మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈ పరీక్షను జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో తొలిసారి ప్రకటించాడు. మూర్ఛ లేనప్పుడు కూడా దాని మూలస్థానం నుండి మొనదేలిన తరంగాలు వెలువడతాయి. కంటికి కనిపించే మచ్చ లేని రోగులలో కూడా మూర్ఛ ఎక్కడ పుడుతున్నదో వెదకడానికి దీనివలన మార్గం ఏర్పడింది.

మాంట్రియల్ పద్ధతి

మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది తల చర్మానికి, ఎముక మీది పొరకు, మెదడును కప్పి ఉండే పొరకు మాత్రమే. కాబట్టి వాటిని మొద్దుబరిస్తే రోగి మెలకువతో ఉండగానే మెదడును తాకవచ్చు. దీని ఆధారంగా పెన్‌ఫీల్డ్ శస్త్రచికిత్స ఈ క్రమంలో సాగేది.

శస్త్రచికిత్సకు ముందే రోగి చెప్పే మాటలను శ్రద్ధగా సేకరించేవారు. మూర్ఛ వచ్చే ముందు తొలిక్షణంలో ఏమి అనిపిస్తుంది, ఏ చేయి అదురుతుంది, ఏ వాసన వస్తుంది అని అడిగేవారు. ఆ తరువాత ఎక్స్‌రే, ఈఈజీ పరీక్షలు జరిపేవారు. శస్త్రచికిత్స గదిలో తల చర్మాన్ని మొద్దుబరచి, ఎముకను తలుపులా తెరిచి మెదడును బయల్పరచేవారు. గుడ్డల మాటున రోగి ముఖం కనిపించేలా కూర్చొన్న సహాయకులు ఆయనతో మాట్లాడుతూ ఉండేవారు.

అప్పుడు పెన్‌ఫీల్డ్ సన్నని తీగ మొనతో మెదడు పై పొరను స్వల్ప విద్యుత్తుతో ఒక్కొక్క చోట తాకేవాడు. ఒకచోట తాకితే బొటనవేలు కదిలేది. మరొకచోట తాకితే నాలుక తిమ్మిరెక్కినట్లుండేది. వేరొకచోట తాకినప్పుడు, చూపించిన బొమ్మ పేరు తెలిసి కూడా రోగి చెప్పలేకపోయేవాడు. స్పందన వచ్చిన ప్రతి చోట అంకె వేసిన చిన్న కాగితపు ముక్కను ఉంచేవారు. రోగి చెప్పినదంతా ఒకరు అప్పటికప్పుడు వ్రాసుకొనేవారు. చివరకు అంకెలతో కూడిన మెదడును ఛాయాచిత్రం తీసేవారు. జాస్పర్ మెదడు ఉపరితలం నుండే విద్యుత్ తరంగాలను నమోదు చేసేవాడు.

ఇందులో ముఖ్యమైన ఘట్టం ఒకటున్నది. విద్యుత్తు తాకినప్పుడు ఒకచోట రోగికి అలవాటైన మూర్ఛ సూచనే తిరిగి కలిగితే, మూర్ఛ పుట్టే చోటు అదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ చోటును గుర్తించి, చేతికి, మాటకు సంబంధించిన చోట్లను తప్పించి, దెబ్బతిన్న భాగాన్ని మాత్రమే తొలగించేవాడు. అనేక గంటలు పట్టే ఈ శస్త్రచికిత్సలో రోగి నిస్సహాయంగా పడి ఉండే శరీరం కాడు. తన మెదడులో ఎక్కడికి వెళ్ళవచ్చో, ఎక్కడ ఆగాలో వైద్యునికి చెప్పే సహచరుడు. యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ పద్ధతికి ప్రాణం రోగి చెప్పే మాటే.

మెదడు పటం

1937లో ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి పెన్‌ఫీల్డ్ బ్రెయిన్ అనే వైద్య పత్రికలో ఒక సుదీర్ఘ పత్రం ప్రచురించాడు. కదలికకు, స్పర్శకు సంబంధించిన మెదడు పట్టీలలో ఒక్కొక్క అవయవానికి ఎంత చోటున్నదో ఇందులో వివరించాడు. ఆ చోటుకు తగిన పరిమాణంలో అవయవాలను చిత్రిస్తే పెద్ద పెదవులు, భారీ చేతులు, చిన్న మొండెం గల వింత మరుగుజ్జు బొమ్మ ఏర్పడింది. దీనికి హోమంకులస్ అని పేరు. వీపు కంటె వేళ్ళకు, కాలి కంటె నాలుకకు మెదడులో ఎక్కువ చోటు ఎందుకున్నదో ఈ బొమ్మ ఒక్క చూపులో తెలుపుతుంది. 1950లో థియోడర్ రాస్ముసెన్‌తో కలిసి వ్రాసిన గ్రంథం ద్వారా ఇది మరింత ప్రచారం పొందింది. వ్యక్తికీ వ్యక్తికీ తేడాలుంటాయని, ఈ బొమ్మ ఉజ్జాయింపు మాత్రమేనని తరువాతి పరిశోధనలు చూపాయి. అయినా వైద్య విద్యార్థులు నాడీమండల పాఠంలో మొదట చూసే బొమ్మలలో ఇది ఒకటి. నల్గొండ జిల్లా నార్కట్‌పల్లిలో 1999లో ప్రారంభమైన వైద్య కళాశాల మొదలుకొని ప్రపంచంలోని ఏ వైద్య కళాశాలలోనైనా ఈ పాఠం ఉంటుంది.

కణత భాగపు వింత మూర్ఛలు

చేయి అదిరే మూర్ఛకు చోటు వెదకడం కొంత సులభం. మనసుకు మాత్రమే తోచే మూర్ఛల సంగతి అది కాదు. ఎన్నడూ చూడని గదిని ఇదివరకే చూసినట్లు అనిపించడం, కలలో ఉన్నట్లుండడం, హఠాత్తుగా భయం ఆవరించడం, కాలిన వాసన రావడం వంటి లక్షణాలున్నవారిని పిచ్చివారిగా భావించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. జాక్సన్ వీటిని స్వప్నస్థితిగా వర్ణించి, కణత లోపలి భాగానికి సంబంధించినవని సూచించాడు. టెంపొరల్ లోబ్ అని పిలిచే ఈ కణత భాగమే వీటికి మూలమని ఈఈజీ ద్వారాను, శస్త్రచికిత్స ద్వారాను నిరూపించడంలో పెన్‌ఫీల్డ్, జాస్పర్‌ల కృషి ప్రధానమైనది.

ఈ భాగాన్ని విద్యుత్తుతో తాకినప్పుడు కొందరు రోగులకు పాత అనుభవాలు కళ్ళముందు కదిలాయి. ఒకరికి వాద్యబృందం పాట వినిపించింది. మరొకరికి తెలిసినవారి గొంతు వినిపించింది. శస్త్రచికిత్స బల్ల మీద ఉన్నామన్న స్పృహ వారికి అప్పటికీ ఉన్నది. మనిషి అనుభవమంతా మెదడులో చెరగని నమోదుగా నిలిచి ఉంటుందని పెన్‌ఫీల్డ్ దీని నుండి ఊహించాడు. 1963లో ఫనోర్ పెరోతో కలిసి ఆయన ప్రచురించిన లెక్క ప్రకారం, కణత భాగాన్ని తాకి చూసిన 520 మంది రోగులలో ఇటువంటి అనుభవం కలిగినవారు 40 మంది మాత్రమే. ఈ అనుభవాలు చాలావరకు మూర్ఛలో వచ్చే భావాలను పోలి ఉన్నాయని, జ్ఞాపకం అనేది యథాతథమైన నమోదు కాదని తరువాతి శాస్త్రవేత్తలు అభిప్రాయపడ్డారు. పెన్‌ఫీల్డ్ ఊహ నిలవకపోయినా, ఆయన వ్రాసి ఉంచిన వివరాలు పరిశోధకులకు నేటికీ ఉపయోగపడుతున్నాయి.

జ్ఞాపకశక్తికి కలిగిన నష్టం

కణత భాగంలో పై పొరను మాత్రమే తొలగించిన కొందరు రోగులలో మూర్ఛలు ఆగలేదు. మూలం ఇంకా లోతున ఉన్నదని గ్రహించి, హిప్పోక్యాంపస్ అనే లోపలి భాగాన్ని కూడా తొలగించడం ప్రారంభించారు. ఫలితాలు మెరుగుపడ్డాయి. కాని 1950ల ప్రారంభంలో ఇద్దరు రోగుల విషయంలో అనుకోని ఆపద కలిగింది. వారిలో ఒకరు ఇంజనీరు. ఎడమవైపు లోపలి భాగాన్ని తొలగించిన తరువాత వారి తెలివి, మాట చెక్కుచెదరలేదు. కాని కొత్తగా జరిగిన విషయమేదీ మనసులో నిలవడం ఆగిపోయింది.

1950లో సంస్థకు వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఈ రోగులను ఓపికగా పరీక్షించింది. ఒకవైపు హిప్పోక్యాంపస్ పోయినా రెండవది ఆ పని చేయాలి. కాబట్టి వీరికి రెండవ వైపు భాగం ముందే చెడిపోయి ఉంటుందని ఆమె, పెన్‌ఫీల్డ్ ఊహించారు. చాలా ఏళ్ళ తరువాత ఆ ఇంజనీరు మరణానంతరం జరిపిన పరీక్షలో ఆ ఊహ నిజమని తేలింది. ఈ నష్టాన్ని పెన్‌ఫీల్డ్ దాచలేదు. 1955లో వైద్యుల సభలోనే వెల్లడి చేశారు. ఆ సమాచారం తెలిసి అమెరికన్ శస్త్రవైద్యుడు విలియం స్కోవిల్, రెండువైపులా హిప్పోక్యాంపస్ తొలగించిన తన రోగి గురించి మాంట్రియల్‌కు తెలియజేశాడు. వైద్య సాహిత్యంలో హెచ్.ఎం. అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధుడైన ఆ రోగిపై మిల్నర్ జరిపిన పరిశోధనలు జ్ఞాపకశక్తి శాస్త్రానికి పునాది అయ్యాయి.

మాట ఏ వైపు ఉన్నదో ముందుగానే తెలుసుకొనేందుకు జపాన్ వైద్యుడు జూన్ వాడా రూపొందించిన పరీక్షను 1950ల మధ్యలో మాంట్రియల్‌లో ప్రవేశపెట్టారు. మెడలోని రక్తనాళం ద్వారా ఒకవైపు మెదడుకు మాత్రమే కొద్ది నిమిషాలు మత్తు ఇచ్చి చూడడం ఈ పరీక్ష సారం. తరువాత దీనిని జ్ఞాపకశక్తి పరీక్షకు కూడా విస్తరించారు. కోసే ముందు మిగిలే వైపు పనిచేస్తున్నదా అని చూసుకోవడం ఆ ఇద్దరు రోగుల నుండి వైద్యలోకం నేర్చుకొన్న పాఠం.

భారతదేశంతో సంబంధం

పెన్‌ఫీల్డ్ వద్ద అనేక దేశాల వైద్యులు శిక్షణ పొందారు. వారిలో కేరళకు చెందిన జాకబ్ చాందీ (1910-2007) ఒకరు. మాంట్రియల్‌లో శిక్షణ ముగించి స్వదేశానికి వచ్చిన చాందీ, 1949లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో దేశంలోనే తొలి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించాడు. చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవల ఉన్న ఈ ఆసుపత్రి తరతరాలుగా తెలుగు రోగులకు సుపరిచితం. 1952లో చాందీ ఇక్కడ భారతదేశంలో తొలి మూర్ఛ శస్త్రచికిత్స చేశాడు. రోగి పందొమ్మిదేళ్ళ యువకుడు. పసితనంలోనే కుడివైపు పక్షవాతం వచ్చి, తరచు మూర్ఛలతో బాధపడుతూ ఉండేవాడు.

తరువాత కొన్ని దశాబ్దాలు ఈ చికిత్స దేశంలో మందకొడిగా సాగింది. 1990ల నుండి ఎం.ఆర్.ఐ., వీడియో ఈఈజీ పరికరాలు అందుబాటులోకి రావడంతో మళ్ళీ ఊపందుకొన్నది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో 1995లో మూర్ఛ శస్త్రచికిత్స కార్యక్రమం ప్రారంభమైంది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో కూడా ఈ శస్త్రచికిత్సలు జరిగాయి. మూర్ఛరోగులలో సుమారు మూడింట రెండు వంతుల మందికి మందులతోనే మూర్ఛలు అదుపులో ఉంటాయి. మిగిలినవారిలో, మూలస్థానం స్పష్టంగా దొరికి, అది తీసివేయదగిన చోట ఉన్నవారికే శస్త్రచికిత్స తగినది.

చివరి సంవత్సరాలు, రచనలు

1960లో పెన్‌ఫీల్డ్ సంచాలక పదవి నుండి విరమించాడు. ఆయన స్థానంలో రాస్ముసెన్ నియమితుడయ్యాడు. విరమణ తరువాత పెన్‌ఫీల్డ్ రచనకు, కుటుంబ జీవన విలువల ప్రచారానికి సమయం వెచ్చించాడు. 1965లో వానియే కుటుంబ సంస్థకు తొలి అధ్యక్షుడయ్యాడు. పిల్లలు చిన్న వయసులోనే రెండవ భాష నేర్చుకోవాలని గట్టిగా వాదించాడు. బాల్యంలో మెదడుకు భాషను గ్రహించే శక్తి ఎక్కువని ఆయన అభిప్రాయం.

శాస్త్ర గ్రంథాలలో థియోడర్ ఎరిక్సన్‌తో వ్రాసిన మూర్ఛ గ్రంథం (1941), జాస్పర్‌తో కలిసి మూర్ఛ, మానవ మెదడు నిర్మాణం గురించి వ్రాసిన గ్రంథం (1954), లామార్ రాబర్ట్స్‌తో వ్రాసిన భాషా గ్రంథం (1959) ముఖ్యమైనవి. అబ్రహాము కథతో తల్లి ప్రారంభించిన నవలను తిరగవ్రాసి 1954లో ప్రచురించాడు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ జీవితం ఆధారంగా మరొక నవల వ్రాశాడు. మూర్ఛ దైవశాపం కాదని, మెదడు వ్యాధి అని చెప్పిన ప్రాచీన గ్రంథం హిప్పోక్రటీస్ పేరిటనే ప్రసిద్ధం.

1975లో ప్రచురించిన మనస్సు గురించిన గ్రంథంలో ఆయన తన జీవితానుభవాన్ని సమీక్షించాడు. విద్యుత్తు తాకిడితో చేయి కదిలింది, జ్ఞాపకం మెదిలింది. కాని ఏ రోగికీ ఒక నిర్ణయం తీసుకోవాలన్న సంకల్పం దానివల్ల కలగలేదని గమనించి, మనస్సును మెదడుతో మాత్రమే వివరించలేమని భావించాడు. నాడీ శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఆత్మకథ వ్రాత పూర్తయిన కొద్ది వారాలకే, 1976 ఏప్రిల్ 5న మాంట్రియల్‌లో మరణించాడు. ఆ పుస్తకం 1977లో వెలువడింది.

గౌరవాలు, ప్రభావం

పెన్‌ఫీల్డ్ 1943లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1953లో ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1967లో ఆర్డర్ ఆఫ్ కెనడా పురస్కారాలు అందుకొన్నాడు. మాంట్రియల్‌లో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. మూర్ఛకు ముందు కాలిన రొట్టె వాసన వచ్చే మహిళకు ఆయన చికిత్స చేసిన కథను కెనడా టెలివిజన్‌లో 1990లలో లఘుచిత్రంగా ప్రసారం చేయడంతో సామాన్య ప్రజలకు కూడా ఆయన పేరు పరిచయమైంది.

కణత భాగపు మూర్ఛకు శస్త్రచికిత్స మేలా, మందులు కొనసాగించడం మేలా అన్న ప్రశ్నకు ఆయన మరణించిన పాతికేళ్ళకు కెనడాలోనే స్పష్టమైన సమాధానం లభించింది. 2001లో ప్రచురితమైన పరిశోధనలో 80 మంది రోగులను చీటీ వేసినట్లుగా రెండు సమ భాగాలు చేసి చూశారు. ఏడాది తరువాత, స్పృహ తప్పించే మూర్ఛలు లేకుండా ఉన్నవారు శస్త్రచికిత్స వర్గంలో నూటికి 58 మంది కాగా, మందుల వర్గంలో 8 మంది మాత్రమే. నేడు మూలస్థానాన్ని వెదకడానికి ఎన్నో కొత్త యంత్రాలు వచ్చాయి. అయినా మాటకు, చేతికి దగ్గరగా ఉన్న చోట కోయవలసి వచ్చినప్పుడు, ఈనాటి శస్త్రవైద్యులు కూడా రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే ముందుకు వెళ్తారు.